అమెరికా పల్లె కౌంటీల్లో విపత్తు సాయం: చెక్కు ఎవరికి, ఎప్పుడు, ఎందుకు

2013 అక్టోబరు 3న సౌత్ డకోటా రాష్ట్రపు పడమటి భాగంలో మొదట వాన పట్టుకుంది. ఆవులు, దూడలు అప్పటికింకా ఇళ్లకు దూరంగా వేసవి బీళ్లలోనే మేస్తున్నాయి. చలికాలాన్ని తట్టుకునే దట్టమైన బొచ్చు వాటికి ఇంకా రాలేదు. గంటల తరబడి వానలో నానిన ఆ మందల మీద రాత్రికి మంచు మొదలై, గంటకు అరవై డెబ్బై మైళ్ల వేగంతో వీచే గాలితో కలిసి ఆగకుండా కురిసింది. గాలికి వీపు పెట్టి నడవడం ఆవు స్వభావం. అవి అలాగే నడిచాయి. కంచెలు మంచులో పూడిపోవడంతో వాటి మీదుగానే దాటి, మైళ్ల దూరం వెళ్లి, వాగుల్లోనూ పల్లపు గండ్లలోనూ చిక్కుకుని, కొన్ని అలసటతో, కొన్ని చలితో, కొన్ని నీళ్లలో మునిగి చచ్చిపోయాయి. అట్లాస్ అని పేరుపడిన ఆ మంచు తుపానులో పోయిన పశువుల సంఖ్య పదివేలు దాటింది.

మంచు తెరిపిచ్చాక అక్కడి పశుపాలకులు చేసిన మొదటి పని ఆవులను వెతకడం, రెండో పని లెక్క రాసుకోవడం. చచ్చిన ప్రతి ఆవు చెవిబిళ్ల మీది అంకె, ఒంటి మీది వాత గుర్తు కనిపించేలా ఫొటో తీసుకోవాలి. ఏ తేదీన, ఏ బీడులో దొరికిందో జేబు పుస్తకంలో రాసుకోవాలి. మందతో ఏ సంబంధమూ లేని మరో మనిషి చేత చూశానని సంతకం చేయించుకోవాలి. కళేబరాలను తీసుకెళ్లిన లారీవాడు ఇచ్చిన రసీదు దాచుకోవాలి. ఇంత కష్టపడి కూడబెట్టిన కాగితాలను అప్పగించాల్సిన కౌంటీ వ్యవసాయ కార్యాలయానికి మాత్రం అక్టోబరు 1 నుంచి తాళం పడి ఉంది, ఎందుకంటే బడ్జెట్ మీద వాషింగ్టన్‌లో పేచీ వచ్చి ఫెడరల్ ప్రభుత్వం 16 రోజులు మూతబడింది. తాళం లేకపోయినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. చనిపోయిన పశువులకు పరిహారం ఇచ్చే పథకపు గడువు అంతకు రెండేళ్ల ముందే, 2011 సెప్టెంబరు 30తో ముగిసిపోయింది.

అమెరికా రైతుకు ప్రభుత్వం దండిగా డబ్బు ఇస్తుందని మన దగ్గర తరచూ వింటుంటాం. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ డబ్బు ఏ దారిలో, ఏ షరతుల మీద, ఎంత ఆలస్యంగా ఒక పల్లె కౌంటీలోని రైతు ఖాతాకు చేరుతుందో చూసినప్పుడు ఒక సంగతి బయటపడుతుంది. నష్టం ఎంత పెద్దదన్న ప్రశ్న ఈ వ్యవస్థలో చివరన వస్తుంది. అంతకు ముందే మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి: నష్టం ఏ కౌంటీ హద్దులో జరిగింది, ఆ తేదీన ఏ చట్టం అమల్లో ఉంది, రైతు చేతిలో ఏ కాగితం ఉంది. ఈ మూడూ కుదిరితే నష్టం లేనివాడికి కూడా చెక్కు రావచ్చు. ఏ ఒక్కటి కుదరకపోయినా సగం మంద పోయినవాడు ఖాళీ చేతులతో వెనుదిరగవచ్చు. రెండింటికీ చరిత్రలో ఉదాహరణలున్నాయి.

ముందు కౌంటీ అంటే ఏమిటో స్పష్టం చేసుకోవాలి. రాష్ట్రంలో మన జిల్లా లాంటి పాలనా విభాగం అది. అట్లాస్ తుపాను దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటైన మీడ్ కౌంటీ వైశాల్యం సుమారు 3,470 చదరపు మైళ్లు, అంటే మన ఉమ్మడి కృష్ణా జిల్లా కంటే కొంచెం పెద్దది. ఉమ్మడి కృష్ణా జనాభా 2011 లెక్కల్లో 45 లక్షలు కాగా, మీడ్ జనాభా 2010లో సుమారు 25 వేలు. నైరుతి మూలన బ్లాక్ హిల్స్ కొండల అంచున ఉన్న స్టర్జిస్ పట్టణం నుంచి ఈశాన్య కొసన ఉన్న ఫెయిత్ అనే చిన్న ఊరికి వెళ్లాలంటే దాదాపు వంద మైళ్లు గడ్డి మైదానంలో ప్రయాణించాలి. కొండల దాపున పడిన వాన అవతలి కొసకు చేరకపోవచ్చు, అక్కడ కాసిన ఎండ ఇక్కడ తెలియకపోవచ్చు. అయినా చట్టం దృష్టిలో ఇదంతా ఒకే ముక్క.

ఆ ముక్కకు ప్రభుత్వ ముఖం కౌంటీ కార్యాలయం. అమెరికా వ్యవసాయ శాఖ కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అనే సంస్థ ఉంది, దాని కార్యాలయాలు దేశంలో సుమారు 2,100 కౌంటీ కేంద్రాల్లో పనిచేస్తున్నాయి. రైతు తన భూమి వివరాలు, వేసిన పంట విస్తీర్ణం, మంద పరిమాణం, మేత బీళ్ల కౌలు పత్రాలు ఏటా ఇక్కడ నమోదు చేయించుకోవాలి. ఇలా నమోదు చేయించుకోని రైతుకు, విపత్తు వచ్చిన రోజున తాను రైతునని రుజువు చేసుకోవడమే మొదటి గండం అవుతుంది. దరఖాస్తులను ఆమోదించేది స్థానిక రైతులు తమలో నుంచి మూడేళ్ల కాలానికి ఎన్నుకున్న కౌంటీ కమిటీ. ఇంటి పక్క రైతు నష్టాన్ని తూచేది ఇంకో ఇంటి పక్క రైతే అన్నమాట. ఈ ఏర్పాటు గుణదోషాల గురించి కింద మళ్లీ చెబుతాను.

విపత్తు సాయం అనే ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోవడం వల్లనే ఈ విషయం చిక్కుముడిగా కనబడుతుంది. పత్రికల్లో తరచూ వచ్చే వార్త, ఫలానా కౌంటీని వ్యవసాయ మంత్రి విపత్తు ప్రాంతంగా ప్రకటించారన్నది. చదివినవాళ్లు రైతుల ఖాతాల్లో డబ్బు పడుతోందనుకుంటారు. నిజానికి ఆ ప్రకటన వల్ల రైతుకు ప్రధానంగా దక్కేది అప్పు. కౌంటీలో కనీసం ఒక పంట 30 శాతం దెబ్బతిన్నా, లేదా అధికారిక కరవు పటంలో ఆ కౌంటీలో ఏ భాగమైనా వరసగా ఎనిమిది వారాలు తీవ్రమైన కరవు రంగులో కనిపించినా ప్రకటన వెలువడుతుంది, చుట్టూ ఆనుకుని ఉన్న కౌంటీలకు కూడా అది వర్తిస్తుంది. 2012లో దేశమంతా కరవు కమ్మినప్పుడు రెండు వేలకు పైగా కౌంటీలను ఇలా ప్రకటించారు. అయితే దాని ద్వారా వచ్చే అత్యవసర రుణం గరిష్ఠ పరిమితి 5 లక్షల డాలర్లు, మరెక్కడా అప్పు పుట్టదని రైతు చూపించుకోవాలి, వడ్డీతో సహా తీర్చాలి. ఆవులు పోయి, రాబడి పోయి, పాత బాకీలు మెడ మీద ఉన్న మనిషికి ఇంకో అప్పు ఏ మేరకు ఆసరా అవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

రెండోది పంట బీమా. ప్రైవేటు కంపెనీలు అమ్మే ఈ బీమా ప్రీమియంలో సగటున 60 శాతానికి పైగా ఫెడరల్ ప్రభుత్వమే భరిస్తుంది, కంపెనీల నష్టాల్లోనూ భాగం పంచుకుంటుంది. మొక్కజొన్న, సోయా, గోధుమ, పత్తి రైతులకు అసలైన రక్షణ కవచం ఇదే. గడ్డి బీళ్లకు కూడా ఒక బీమా ఉంది కానీ అది వేరే పద్ధతిలో నడుస్తుంది: దేశాన్ని చిన్న చిన్న గడులుగా విభజించి, ఆ గడిలో రెండేసి నెలల వర్షపాతం దీర్ఘకాల సగటు కంటే తగ్గితే చెల్లిస్తారు. రైతు పొలంలోని వానమాని ఎంత చూపించిందో ఎవరూ అడగరు. గడి సూచీ సగటుకు దగ్గరగా ఉంటే, తన బీడు మాత్రం ఎండిపోయినా అతనికి ఏమీ రాదు.

మూడోది చట్టంలో శాశ్వతంగా చోటు పొందిన విపత్తు పథకాలు, నాలుగోది ఏదైనా పెద్ద దెబ్బ తగిలాక కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, అప్పటికప్పుడు చట్టం చేసి విడుదల చేసే ప్రత్యేక నిధి. రైతు చేతికి తిరిగి కట్టనవసరం లేని డబ్బు వచ్చేది ప్రధానంగా ఈ రెండింటి నుంచే కాబట్టి వీటి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

పశువులు చనిపోతే పరిహారం ఇచ్చే పథకాన్ని లైవ్‌స్టాక్ ఇండెమ్నిటీ ప్రోగ్రాం అంటారు. దీన్ని 2008 వ్యవసాయ చట్టంలో పెట్టారు. మంచు తుపాను, వరద, పిడుగు, విపరీతమైన ఎండ, విపరీతమైన చలి వల్ల, మామూలుగా ఏటా చనిపోయే సంఖ్యకు మించి పశువులు పోతే, ఆ మించిన సంఖ్యకు సగటు మార్కెట్ విలువలో 75 శాతం చెల్లిస్తారు. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రైతుకు 200 ఆవులున్నాయనీ, 60 చనిపోయాయనీ, ఆవు సగటు విలువ 1,600 డాలర్లుగా నిర్ణయించారనీ, ఆ రాష్ట్రంలో మామూలు మరణాల రేటు 1.5 శాతమనీ అనుకుందాం. మామూలు మరణాలు మూడు తీసేస్తే మిగిలేవి 57. ఒక్కోదానికి 1,200 డాలర్ల చొప్పున 68,400 డాలర్లు వస్తాయి, పోయిన ఆవుల విలువ మాత్రం 96,000 డాలర్లు. ఈ లెక్కలోకి రానిది ఇంకా చాలా ఉంది. అక్టోబరులో చనిపోయిన ఆవు చాలావరకు చూలుతో ఉంటుంది, వచ్చే వసంతంలో పుట్టాల్సిన దూడ పోయినట్టే, 2025 నాటి చట్టం వచ్చేదాకా దానికి పరిహారం ఉండేది కాదు. ఆ బీళ్ల దారులు, నీటి గుంటలు ఎరిగిన మందను, తాత నాటి నుంచి ఏరికోరి పెంచుకున్న జాతి లక్షణాలను సంతలో కొని తెచ్చుకోలేరు. పరిహారం ఆవు ధరకు మాత్రమే, మందకు కాదు.

ఇంతటి పథకమూ 2013 అక్టోబరులో లేకపోవడానికి కారణం మంచు కాదు, క్యాలెండర్. అమెరికాలో వ్యవసాయ విధానమంతా ఐదేళ్లకోసారి తెచ్చే ఫార్మ్ బిల్ అనే ఒక పెద్ద చట్టంలో ఉంటుంది. 2008 నాటి చట్టం 2012 దాకా నడవాలి, అయితే ఖర్చు లెక్క తగ్గించి చూపడానికి విపత్తు పథకాలకు మాత్రం ఒక ఏడాది ముందే, 2011 సెప్టెంబరుతోనే గడువు పెట్టారు. కొత్త చట్టం మీద కాంగ్రెస్‌లో రెండేళ్లు వాదోపవాదాలు సాగాయి. ఆ ఖాళీలోనే 2012 నాటి మహా కరవు వచ్చింది, 2013 నాటి అట్లాస్ వచ్చింది. చివరికి 2014 ఫిబ్రవరి 7న అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం ఈ పథకాలకు గడువు అన్నదే లేకుండా చేసింది, 2011 అక్టోబరు 1 నుంచి జరిగిన నష్టాలకు కూడా వర్తింపజేసింది. దరఖాస్తులు 2014 ఏప్రిల్ 15న మొదలయ్యాయి.

వెనక్కి వర్తింపజేశారు కదా, అన్యాయం సరిదిద్దారు కదా అనిపించవచ్చు. కానీ 2012 వేసవిలో గడ్డి మాడిపోయి, మేత కొనలేక మంద అమ్ముకున్న రైతుకు ఆ డబ్బు రెండేళ్ల తర్వాత వచ్చింది. అమ్మాలా, అప్పు చేసి మేపాలా అని అతను తల్లడిల్లిన రోజున సాయం వస్తుందో రాదో చెప్పగలిగినవాళ్లు లేరు. వస్తుందని ముందే తెలిసి ఉంటే కొంతమందైనా మందను నిలుపుకునేవాళ్లు. అట్లాస్ తర్వాతి ఆరు నెలల్లో అక్కడివాళ్లను ఆదుకున్నది ప్రధానంగా తోటివాళ్లే: రాష్ట్రంలోని పశుపాలకుల సంఘాలు కలిసి సహాయ నిధి ఏర్పాటు చేశాయి, పక్కనున్న మోంటానా రాష్ట్రంలో మొదలైన ఒక ఉద్యమం కింద రైతులు తమ మందల్లోంచి చూలు పెయ్యలను లారీలకెక్కించి పంపారు. డబ్బు కాకుండా చూలు పెయ్యను పంపడంలో ఉన్న వివేకం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది, ఎందుకంటే పశుపాలకుడికి ఏం పోయిందో మరో పశుపాలకుడికే తెలుస్తుంది.

కరవు సంగతి వేరుగా చెప్పుకోవాలి. పై పథకంలో కరవు వల్ల నేరుగా పోయిన పశువుకు చోటు లేదు, కరవులో మేత పోయినందుకు లైవ్‌స్టాక్ ఫోరేజ్ ప్రోగ్రాం అనే మరో పథకం ఉంది. దీనికి ఆధారం నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలోని కరవు కేంద్రం, వ్యవసాయ శాఖ, వాతావరణ సంస్థ కలిసి 1999 నుంచి ప్రతి గురువారం విడుదల చేస్తున్న కరవు పటం. ఆ పటంలో లేత పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగులుంటాయి. పశుపాలకులు గురువారం ఉదయం దాన్ని మనవాళ్లు రుతుపవనాల వార్త చూసినంత ఆత్రంగా చూస్తారు. మేత కాలంలో కౌంటీలో ఏదైనా ఒక భాగం మూడో మెట్టు కరవులోకి చేరితే చాలు, ఆ కౌంటీలోని అర్హులైన పశుపాలకులందరికీ మూడు నెలల చెల్లింపు. అంతకన్నా తీవ్రమై నాలుగో మెట్టు తాకితే నాలుగు నెలలు, అది నాలుగు వారాలు నిలిస్తే ఐదు నెలలు. రెండో మెట్టులో ఉంటే మాత్రం వరసగా ఎనిమిది వారాలు ఆగితే ఒక్క నెల చెల్లింపు వచ్చేది, 2025 జులైలో వచ్చిన చట్టం ఆ ఎనిమిదిని నాలుగుకు తగ్గించింది. నెల చెల్లింపు అంటే ఆ నెల మేత ఖర్చుగా లెక్కగట్టిన దానిలో 60 శాతం.

ఏదైనా ఒక భాగం అన్న ఆ మూడు మాటల్లోనే ఈ పథకపు బలమూ బలహీనతా ఉన్నాయి. మీడ్ కౌంటీ లాంటి చోట ఒక మూలన పటం ఎర్రబడితే, వంద మైళ్ల అవతల పచ్చగా ఉన్న బీడు యజమానికి కూడా చెక్కు వస్తుంది. అదే సమయంలో పక్క కౌంటీలో సరిహద్దు కంచెకు అవతల, అంతే ఎండిన బీడున్న రైతుకు, అతని కౌంటీలోకి ఆ రంగు ఒక అంగుళం కూడా పాకకపోతే, రాదు. ప్రతి పొలానికీ మనిషిని పంపి నష్టం కొలిపించడం ఇంత విశాలమైన దేశంలో ఖర్చుతో కూడిన పని, మోసానికి కూడా చోటిస్తుంది. కాబట్టి పటాన్ని నమ్మడం అర్థం లేని నిర్ణయమేమీ కాదు. ఎవరూ లంచమివ్వనవసరం లేదు, ఎవరి దయా అక్కర్లేదు, డబ్బు త్వరగా చేరుతుంది. దానికి చెల్లించే మూల్యం, గీతకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు రైతుల మధ్య పుట్టే ఈ అన్యాయం. ఈ మూల్యాన్ని దాచకుండా ఒప్పుకోవాలన్నదే నా అభిప్రాయం.

గీతను మరీ వదులుగా గీస్తే ఏమవుతుందో 2003లో టెక్సస్‌లో తెలిసొచ్చింది. అంతకు ముందు ఏడాది కరవుతో అల్లాడుతున్న పశుపాలకుల కోసం ప్రభుత్వం ఒక పరిహార పథకం మొదలుపెట్టింది. మొదట కరవు కౌంటీలకే ఇవ్వాలనుకున్నారు. 2003 ఫిబ్రవరిలో కాంగ్రెస్ దాన్ని విస్తరించి, అప్పటికి రెండేళ్లుగా ఏ కారణంతోనైనా విపత్తు ప్రకటన వెలువడిన కౌంటీలన్నిటికీ వర్తింపజేసింది. ఆ నెల 1వ తేదీనే కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగి వస్తూ తూర్పు టెక్సస్ మీదుగా ఆకాశంలో ముక్కలైంది. మన కల్పనా చావ్లా సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. శకలాలను వెతికి సేకరించే పని కోసం అధ్యక్షుడు ఆ ప్రాంతంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఫలితంగా అక్కడి పశుపాలకులు, బీళ్లు పచ్చగా ఉన్నా, కరవు పరిహారానికి అర్హులయ్యారు. ఆ పథకం కింద ఖర్చయిన 120 కోట్ల డాలర్లలో 63 కోట్ల 50 లక్షలు కరవు అసలు లేని, లేదా ఒక మోస్తరుగా మాత్రమే ఉన్న ప్రాంతాలకు వెళ్లాయని 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక పరిశోధనలో తేలింది. డబ్బు తీసుకున్న రైతులను తప్పుపట్టడం సులువు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, చట్టం అడిగిన కాగితమే ఇచ్చారు. పదేళ్ల తర్వాత సౌత్ డకోటాలో చచ్చిన ఆవుల ఫొటోలు పట్టుకుని తాళం ముందు నిలబడినవాళ్ల పరిస్థితికి ఇది సరిగ్గా తలకిందులు. రెండు చోట్లా కౌంటీ కార్యాలయం నియమాలను తు.చ. తప్పకుండా పాటించింది.

ఇక నాలుగో దారి, అప్పటికప్పుడు చేసే చట్టం. 2017 తుపానుల తర్వాత ఇది దాదాపు ఆనవాయితీ అయిపోయింది. 2020, 2021 నష్టాల కోసం 2021 సెప్టెంబరులో 1,000 కోట్ల డాలర్లు కేటాయించారు. 2023, 2024 నష్టాల కోసం 2024 డిసెంబరు 21న సంతకమైన చట్టంలో 2,000 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు. 2024 డిసెంబరు నాటి నిధి నుంచి పంటలకు దరఖాస్తులు 2025 జులై 10న మొదలయ్యాయి, అంటే 2023 వసంతంలో పంట పోగొట్టుకున్న రైతు రెండేళ్లకు పైగా ఎదురుచూశాడు. మొదటి దశ బీమా చెల్లింపు అందుకున్నవాళ్లకే, ఎందుకంటే వాళ్ల నష్టం లెక్క ప్రభుత్వ కంప్యూటర్లలో ముందే ఉంది, దరఖాస్తు సగం నింపి ఇంటికే పంపించవచ్చు. నిధి అందరికీ సరిపోవాలి కాబట్టి లెక్కకు వచ్చిన మొత్తంలో 35 శాతమే తొలుత ఇచ్చారు. పనిని వేగంగా ముగించడానికి ఇది మంచి పద్ధతే. అయితే బీమా దొరకని కూరగాయలు పండించేవాళ్లు, ప్రీమియం కట్టే స్తోమత లేని చిన్న రైతులు మళ్లీ వరసలో వెనక్కే పోయారు. సాయం ఎక్కువ అవసరమైనవాడి దగ్గర కాగితాలు తక్కువగా ఉండటం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

కౌంటీ కమిటీల గురించి ఇంకో మాట చెబుతానన్నాను. స్థానికులే స్థానికుల విషయం తేల్చడంలో మేలుంది: ఫలానా బీడు ఎన్ని ఆవులను మేపగలదో, ఫలానా వాగు ఏ నెలలో ఎండుతుందో వాషింగ్టన్‌లో కూర్చున్న అధికారికి తెలియదు. కానీ ఊరి పెత్తనం ఎవరి చేతిలో ఉంటే కమిటీ కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో దశాబ్దాల పాటు నల్లజాతి రైతుల దరఖాస్తులను తొక్కిపెట్టారన్న పిగ్‌ఫర్డ్ దావా 1999లో రాజీ ఒప్పందానికి రాగా, ప్రభుత్వం వంద కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. రుణాల మంజూరులో తమ పట్ల వివక్ష చూపారంటూ ఆదివాసీ రైతులు వేసిన కీప్‌సీగల్ దావాలో 2010లో 68 కోట్ల డాలర్లు పరిహారంగా, మరో 8 కోట్ల వరకు బాకీల మాఫీగా అంగీకరించారు. ఆ దావాకు పేరిచ్చిన దంపతులు నార్త్, సౌత్ డకోటా సరిహద్దులోని స్టాండింగ్ రాక్ ప్రాంతపు పశుపాలకులు. మీడ్ కౌంటీకి తూర్పున ఆనుకుని ఉన్న జీబాక్ కౌంటీ కూడా చాలావరకు ఆదివాసులకు కేటాయించిన భూమే, దాన్ని అక్కడ రిజర్వేషన్ అంటారు. అట్లాస్ అక్కడి మందలనూ వదల్లేదు. తుపానుకు జాతి భేదం లేదు కానీ అప్పు పుట్టని, కాగితం అందని మనిషికి తుపాను తర్వాతి ఏడాది వేరుగా గడుస్తుంది.

ఈ చెల్లింపుల వివరాలు అక్కడ బహిరంగం. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ఏ కౌంటీలో ఏ పథకం కింద ఎవరికి ఎంత అందిందో జాబితాలుగా ప్రజల ముందు ఉంచింది. ఇంతటి పారదర్శకత మన దగ్గర కూడా ఉండాలని కోరుకుంటాను, కానీ ఆ జాబితాలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 2014 వరసలో ఒక పెద్ద అంకె కనబడితే అది ఆ ఏడాది నష్టం కాకపోవచ్చు, 2012 కరవూ 2013 మంచూ కలిసి ఒకేసారి చెల్లింపుగా వచ్చి ఉండవచ్చు. ఒక మనిషికి ఏటా గరిష్ఠ పరిమితి 1,25,000 డాలర్లన్న నిబంధన ఉన్నా, కుటుంబం భాగస్వామ్య సంస్థగా ఉంటే ఒక్కో భాగస్వామికీ విడి పరిమితి వర్తిస్తుంది కాబట్టి ఒకే వ్యవసాయ క్షేత్రం పేరు ఎదుట అంతకు కొన్ని రెట్లు కనిపించవచ్చు. చనిపోయిన పశువుల పరిహారానికైతే 2018లో ఆ పరిమితినే ఎత్తివేశారు. జాబితాలో అన్నిటికంటే పై పేర్లు కౌంటీలో అన్నిటికంటే పెద్ద మందలున్నవాళ్లవి. తలకు ఇంత అని లెక్కగట్టే పథకం ఏదైనా పెద్ద మంద వైపే ఎక్కువ డబ్బు పంపుతుంది. అది మోసం కాదు, పథకం కట్టుబడిలోనే ఉన్న గుణం. మార్చాలంటే పథకాన్నే మార్చాలి.

మన అనుభవంతో పోల్చుకుంటే మరి రెండు సంగతులు స్పష్టమవుతాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ కరవును ప్రకటించేది మండలం యూనిట్‌గా. కౌంటీ కంటే మండలం ఎంతో చిన్నది కనుక గీత వల్ల వచ్చే అన్యాయం కొంత తగ్గుతుంది, కానీ పోదు. పక్క మండలాన్ని ప్రకటించి తమ మండలాన్ని వదిలేశారన్న ఆందోళనలు మనకు కొత్త కాదు. మన జాతీయ నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట నష్టపోతే వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, సాగునీటి పంటకు 17,000 రూపాయల పెట్టుబడి సాయం రెండు హెక్టార్ల వరకు ఇస్తారు. పాడి పశువు చనిపోతే 37,500 రూపాయలు, అదీ మూడింటి దాకా. పరిమితిని ఇంత కిందికి దించడం వల్ల డబ్బు పెద్ద రైతుల దగ్గర పోగుపడదు, అయితే ఎవరి నష్టమూ పూడదు.

రెండో సంగతి కౌలుదారుది. అమెరికా పథకాల్లో చెల్లింపు సాగులో నష్టభయాన్ని మోసినవాడికి వెళుతుంది. భూమిని నగదు కౌలుకిచ్చి పక్కకు తప్పుకున్న యజమానికి హక్కు లేదు, పాలు పంచుకునే పద్ధతిలో ఇద్దరూ సాగు చేస్తే ఎవరి వాటా మేరకు వాళ్లకు వస్తుంది. మన దగ్గర చట్టం కౌలు రైతును గుర్తించినా, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం చేయాలి. ఆ సంతకం పెట్టడానికి యజమాని ఎంత జంకుతాడో పల్లెటూరి మనిషికి వేరే చెప్పనక్కర్లేదు. పంట మునిగింది కౌలు రైతుదే అయినా, పాస్‌బుక్ ఉన్న పేరుకే సాయం జమ కావడం మనం ఏటా చూస్తున్నాం. ఈ ఒక్క విషయంలో మీడ్ కౌంటీ నుంచి మనం నేర్చుకోదగ్గది ఉందని నా నమ్మకం.

చట్టంలో గడువు లేకుండా చేసిన 2014 నాటి మార్పు మాత్రం నిలిచింది. ఇవాళ అట్లాస్ లాంటి తుపాను వస్తే పథకం ఉందా లేదా అన్న ప్రశ్న రాదు. తలుపు తెరిచి ఉందా అన్న ప్రశ్న మాత్రం పోలేదు. 2018 డిసెంబరులో మొదలైన మూసివేతలో ఈ కార్యాలయాలకు మళ్లీ తాళం పడింది, వారాల తర్వాత పాక్షికంగా తెరిచారు. 2025 అక్టోబరు 1న ప్రభుత్వం మరోసారి మూతబడినప్పుడు, 2023 నాటి నష్టానికి దరఖాస్తు పెట్టుకున్న రైతులు ఇంకా డబ్బు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ నెల 23న కౌంటీ కార్యాలయాలను తిరిగి తెరిచారు, ఒక్కో దానిలో ఇద్దరేసి ఉద్యోగులతో.